వాకిట్లో ఎత్తు కుండీలు

మార్చి 6

ఫిజియోథెరపీకి వచ్చే అమ్మాయి ఈరోజు మళ్లీ అదే పాట పాడింది. "సార్‌ను బయట కూసోబెట్టండి మేడం. నలుగురు కనపడల్ల, నాలుగు మాటలు చెవిన పడల్ల. అట్లయితేనే నోరు తిరుగుతాది. గదిలో గోడకి మొగం పెట్టుకొని ఉంటే కాలు వస్తాదేమో గానీ మాట రాదు."

కాలు వస్తోంది. వాకర్ పట్టుకుని స్నానాలగది దాకా ఆయనే వెళ్తున్నారు. మాటే రావడం లేదు. నీళ్లు కావాలంటే "చెప్పు" అంటారు, చెప్పులు కావాలంటే ఏమీ అనరు. జనవరిలో పక్షవాతం వచ్చి కుడివైపంతా పడిపోయినప్పుడు, ప్రాణం దక్కితే చాలు దేవుడా అని మొక్కుకున్నాను. ప్రాణం దక్కింది. ఇప్పుడు మాట కూడా కావాలంటున్నాను. నాకు ఆశ ఎక్కువని మా అమ్మ చిన్నప్పటి నుంచీ అంటూనే ఉంది.

బయట కూర్చుందామా అంటే ఆయన తల అడ్డంగా ఊపుతారు. ఊపరూ మరి? గేటు, ప్రహరీ గోడ, కింద నల్లటి కడప బండలు, అంత బోడిగా ఉంటే ఎవరికి కూర్చోబుద్ధవుతుంది? మొక్కలు పెట్టాలి. మొక్కలంటే ముందు కుండీలు. రేపటి నుంచి నా పని అదే.

మార్చి 8

రమ్యశ్రీ హైదరాబాదు నుంచి ఫోటోలు పంపింది. "దాన్ని పాటియో అంటారమ్మా" అంది. ఇన్నేళ్లు కల్లాపి చల్లి ముగ్గేసిన వాకిలికి నా కూతురు కొత్తగా పేరు పెట్టింది. సరే, పెట్టనీ.

ఫోటోల్లో కుండీలన్నీ పొట్టివే. ఎత్తుగా ఉండేవి చూడు అన్నాను. ఎందుకంది. నాన్నకి ఎండ తగలకుండా అన్నాను.

"మన ఇల్లు ఉత్తరం మొగం కదమ్మా. వీధి వైపు నుంచి ఎండ యాడ వస్తాది?"

ఇంజనీరింగ్ చదివించాం కదా, అన్నీ అడుగుతుంది.

మార్చి 11

నర్సరీలో నల్ల ప్లాస్టిక్ కుండీలు తీసుకున్నాను. తేలిక, నేనే జరుపుకోగలను. క్రోటన్లు నాటి గేటు పక్కన వరసగా పెట్టాను. అత్త ఒకసారి వచ్చి చూసి ఏమీ అనకుండా లోపలికి వెళ్లారు. మా అత్త నాగరత్నమ్మగారు ఏమీ అనలేదంటే ఏదో అనడానికి దాచుకున్నారని అర్థం.

మార్చి 13

సాయంత్రం కేశవులన్న వచ్చాడు. మా పాత్రల అంగడికి పక్కనే ఆయన విత్తనాల అంగడి. ఈయనా, కేశవులన్నా ఒకే బెంచీ మీద టీ తాగి పెద్దవాళ్లయ్యారు. గేటు దగ్గరే నిలబెట్టి, నిద్రపోతున్నారన్నాను.

"సందెకాడ నిద్రేందమ్మా?"

"మాత్రల మత్తన్నా."

సపోటాల సంచి నా చేతికిచ్చి, గది కిటికీ వైపు ఒకసారి చూసి వెళ్లిపోయాడు. నిజానికి ఈయన మేలుకునే ఉన్నారు. కానీ ఎవరూ రావడం ఈయనకి ఇష్టం లేదు. అంటే నేను అబద్ధం ఆడినట్టు కాదు. ఆయన చెప్పలేనిది నేను చెప్పాను, అంతే.

మార్చి 14

క్రోటన్లు చచ్చాయి. మధ్యాహ్నం కుండీలో వేలు పెడితే మన్ను సంగటిలా ఉడుకుతోంది. అడుగున బండ కాలి, పైన నల్ల ప్లాస్టిక్ కాలి, మధ్యలో వేళ్లు వేగిపోయాయి.

అత్త దాచుకున్న మాట బయటికొచ్చింది. "ఆ బండ మీద రొట్టెలు కాల్చుకోవచ్చే విద్యా. దాని మీద చెట్లు పెట్టినావు."

పెట్టిన రోజే చెప్పొచ్చు కదా అంటే, "అడిగితివా?" అన్నారు.

మార్చి 17

సిమెంటు తొట్లయితే దళసరిగా ఉంటాయి, వేడి లోపలికి దిగదు. పైగా నడుమెత్తువి దొరుకుతాయి, అందులో ఒక నందివర్ధనం పెట్టామంటే ఇంకేం కావాలి. కొలతలు తీసుకోవడానికి మేస్త్రీ అయ్యన్నను పిలిపించాను. ఆయన బండ మీద మడమతో తట్టి నవ్వాడు.

"తల్లీ, కింద సంపు ఉండాది. ఇంత బరువు పెడితే ఒక దినం కుండీ, చెట్టు, పక్కన కూసున్న సారు, అందరూ నీళ్లల్లోనే."

మునిసిపాలిటీ నీళ్లు వచ్చిన ప్రతిసారీ ఆ సంపు మూత ఎత్తేది నేనే. ఎలా మర్చిపోయానో. ఈమధ్య నా బుర్ర బుర్రలో ఉండటం లేదు.

మార్చి 19

ఆత్మకూరు నుంచి తమ్ముడు రామకృష్ణ ఫోన్ చేశాడు. మా పుట్టింటి దొడ్లో ఎద్దులకి కుడితి పోసే రాతి తొట్టి ఊరికే పడి ఉందట. పంపిస్తానన్నాడు. రాయి కాబట్టి వేళ్లకు చల్లగా ఉంటుంది, సంపు లేని మూల చూసి పెట్టుకోవచ్చు. అన్ని విధాలా బాగుంది. వద్దన్నాను.

"అంత మంచి తొట్టిని వద్దంటావేందక్కా?"

మోకాలెత్తే ఉంది, చాలదు అన్నాను. ఎంత కావాలన్నాడు. కుర్చీలో కూర్చున్న మనిషి తల మునిగేంత అన్నాను. వాడు తొట్టి మాట వదిలేశాడు. తర్వాత, బావ ఎట్లుండాడు అని అడిగాడు. వాడికి అర్థం కాలేదు. తన మీద ఎవరి చూపూ పడకుండా ఉంటేనే ఆయన ధైర్యంగా బయటికొస్తారు. ఇదంతా ఆయన కోసమే.

మార్చి 20

కేశవులన్న వచ్చాడు. నిద్రపోతున్నారన్నాను.

మార్చి 23

దొరికింది! ఫోన్లో చూశాను. ఇనుప స్టాండు మీద మెట్లు మెట్లుగా మట్టి కుండలు, వాటి నిండా మొక్కలు. స్టాండు కాబట్టి బండ వేడి తగలదు, మట్టి కాబట్టి చల్లగా ఉంటుంది, బరువు లేదు. ఎత్తు ఎంత కావాలంటే అంత. పెద్ద చదువులు చదివినవాళ్లకి తట్టనిది నాకు తట్టింది.

బజారుకెళ్లి చూస్తే పూలకుండీలు చిన్నగా, పలచగా ఉన్నాయి. ఎండాకాలం కదా, ఎక్కడ చూసినా నీళ్లకుండలే. రోడ్డు పక్కన అమ్మే హులిగెమ్మ దగ్గర మంచి బొద్దు కుండలు చూసి, ఒక్కొక్కటీ వేలితో మోగించి తీసుకున్నాను. పాత్రల అంగడి వాళ్ల కోడలిని, నాకు మోత తెలుసు.

"ఇన్ని కుండలెందుకమ్మా? చలివేంద్రం పెడతాండారా?" అంది.

మొక్కల కథంతా ఆమెకెక్కడ చెప్పను, ఎండలో నిలబడి. అవునన్నాను.

"శానా పుణ్యమమ్మా" అని ఒక కుండ ఊరికే ఇచ్చింది. వద్దంటే వినలేదు. ఆటోలో దారంతా ఆ కుండని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

మార్చి 27

స్టాండ్లు వచ్చాయి. కుండలకి చిల్లులు పెట్టడానికి ఎలక్ట్రీషియన్ ఈరేష్ డ్రిల్లు తెచ్చాడు. అడుగున పెట్టబోతే గుండ్రటి అడుగు కదా, మొదటిది చీలిపోయింది. పక్కన, అడుగుకి కాస్త పైన పెట్టమన్నాను.

"ఎన్ని మేడం?"

"ఒక్కోదానికి మూడు. వీడియోలో అట్లే ఉంది."

డ్రిల్లు ఆపి నా మొహం చూశాడు. "మూడా? పక్కనా?"

"నీళ్లు పోవద్దా నాయనా?"

"పోవల్ల మేడం" అని తల గోక్కుని పని కానిచ్చాడు. ఈ కాలం పిల్లలకి ఏ పని చెప్పినా అనుమానమే.

మార్చి 30, ఉగాది

ఏడ్చానో నవ్వానో తెలియడం లేదు.

నిన్న మొక్కలు నాటి, స్టాండ్లకి గోనెపట్టలు కప్పి ఉంచాను, పండగ పూట అందరికీ చూపిద్దామని. తెల్లవారగానే పట్టలు తీసి కడుపునిండా నీళ్లు పోసి, లోపలికొచ్చి వేపపూత ఏరుతున్నాను. ముగ్గు డబ్బా పట్టుకుని వాకిట్లోకి వెళ్లిన అత్త ఒక్క కేక పెట్టారు. పరుగెత్తాను.

కుండల వరసంతా కారుతోంది. ప్రతి కుండకీ పక్కన మూడు చిల్లులు, మూడు చిల్లుల్లోంచీ మూడు ధారలు.

"పండగ దినం వాకిట్లో ఏం పెట్టినావే?"

"కుండీలత్తా."

"మూడు చిల్లులు పెట్టిన నీళ్లకుండ యాడ ఉంటాదో తెలీదా నీకు? చావు తప్పి ఇంటికొచ్చిన నా బిడ్డ ముందర, అన్ని కుండలా!"

అప్పుడు వెలిగింది. చితి చుట్టూ కొడుకు నీళ్లకుండ భుజాన పెట్టుకుని తిరుగుతాడు. ఒక్కో చుట్టుకీ వెనక నుంచి ఒక్కో చిల్లు పెడతారు. మూడో చుట్టు అయ్యాక కుండని వెనక్కి వదిలేస్తారు. ఇదంతా విన్నదే, చూసింది కాదు. మా ఇళ్లలో ఆడవాళ్లు కాటికి వెళ్లరు. అత్తా వెళ్లలేదు, కానీ పెద్దామె కాబట్టి విన్నది గుర్తు పెట్టుకున్నారు. ఈరేష్ చూసుంటాడు. అందుకే తల గోక్కున్నాడు.

గేటు బయట కొత్త చీరలు కట్టుకున్న ఆడవాళ్లు ఒక్కొక్కరే ఆగుతున్నారు. ఒకరి చెవిలో ఒకరు చెప్పుకుంటున్నారు, అదే ఇంకా నరకంగా ఉంది. అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడుస్తున్నారు. నేను చేతిలో వేపపూతతో నిలబడిపోయాను.

వెనక వాకర్ చప్పుడైంది.

తల్లి కేక విని ఆయనే లేచి వచ్చారు. గడప దాటారు. మేమిద్దరం సాయం పట్టడం కూడా మర్చిపోయాం. ఆ చివర నుంచి ఈ చివర దాకా కుండలన్నీ చూశారు. మామగారికి ఆ కుండ మోసింది ఆయనే, ఆయనకి ఎవరూ చెప్పనక్కర్లేదు. మొహం వంకర్లు పోతుంటే ఏడుస్తున్నారనుకుని దగ్గరికి వెళ్లాను. ఏడుపు కాదు. ఎడమవైపు సగం మొహమే నవ్వుతోంది.

"ఇన్నీ... నాకేనా?"

సరిగ్గా, ఆ వరసలోనే అన్నారు. నీళ్లకు చెప్పు అనే మనిషి.

అత్త "తూ తూ, అవేం మాటల్రా" అని నోరు కొట్టుకుని, కొట్టుకుంటూనే నవ్వేశారు. నేను తడి బండ మీద కూలబడ్డాను. గేటు బయట ఆడవాళ్లు కూడా నవ్వారు. పచ్చడిలో ఉప్పు వేయడం మర్చిపోయాను, ఎవరూ గమనించలేదు.

ఏప్రిల్ 2

కుండల్ని ఏం చేయాలో తేలలేదు. వాకిట్లో ఉంచకూడదు, వాకిట్లో పగలగొట్టకూడదు, ఎవరికీ ఇవ్వకూడదు. చివరికి అత్తే దారి కనిపెట్టారు.

"మూడుంటేనే కదా దోషం. ఇంకో రెండు పెట్టించు. ఐదు చిల్లుల కుండ ఏ కాటిలోనూ ఉండదు."

ఈరేష్ వచ్చి ఇంకో రెండేసి పెట్టాడు. "ఆ దినమే చెప్దామనుకుంటి మేడం, మీరు తిడతారని..." అన్నాడు. నేను అంత తిట్టేదాన్నా? అత్తని అడిగాను. తమలపాకు మడిచి నోట్లో పెట్టుకున్నారు.

ఏప్రిల్ 6

కూర్చుంటున్నారు! పొద్దున ఎండ రాకముందు, మళ్లీ సాయంత్రం. పామ్ మొక్కలు, నందివర్ధనం, కిందికి దిగే మనీప్లాంటు, అన్నీ కలిసి దట్టంగా కమ్ముకున్నాయి. వీధిలోకి వెళ్లి చూసి వచ్చాను. కుర్చీ కనపడదు, వాకర్ కనపడదు, మనిషి ఉన్నట్టే తెలియదు. నేననుకున్నది అనుకున్నట్టు కుదిరింది.

ఈరోజు ఆయన "ఆకు" అన్నారు. ఆకునే చూపించి అన్నారు.

ఏప్రిల్ 11

సాయంత్రం కేశవులన్న. గేటు గడియ చప్పుడైతే నేనే వెళ్లాను.

"వాసు లేసినాడామ్మా?"

"లేదన్నా. నిద్రపోతున్నారు."

నోటికి అలవాటైపోయింది. ఎప్పటిలాగే వచ్చేసింది. కుండల వెనక, నాకు నాలుగు అడుగుల దూరంలో, ఆయన కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఆ సంగతి మాట నోట్లోంచి వెళ్లాక గుర్తొచ్చింది. మొక్కల వెనక నుంచి ఒక శబ్దం వచ్చింది. "కే" అని. తర్వాత మళ్లీ "కే" అని. కేశవులన్న సంచీలో ఏదో వెతుకుతూ వినిపించుకోలేదు. నేను విన్నాను. నేను తిరిగి చూడలేదు.

"సరేలేమ్మా. లేసినాక నేనొచ్చిపోయినానని చెప్పు" అని ఈసారి సంచి ఇవ్వకుండానే వెళ్లాడు.

నేను వెళ్లేసరికి ఆయన కళ్లు మూసుకుని ఉన్నారు. నిద్ర కాదు.

ఏప్రిల్ 12

ఈరోజు బయటికి రాలేదు.

ఏప్రిల్ 13

రాలేదు. మొక్కలకి నీళ్లు పోశాను.

ఏప్రిల్ 15

గోడ వైపు తిరిగి కూర్చున్నారు. అన్నం రెండు ముద్దలు. ఫిజియో అమ్మాయి చేతిని కూడా తోసేశారు. నాకు కోపం ఆగలేదు. ఏం చేశానని నా మీద ఈ అలక, చెప్పలేకపోతే చేత్తో అయినా చూపించండి అన్నాను. ఆయన నా వైపు తిరిగారు. పెదవులు కూడదీసుకుని,

"సిగ్గు" అన్నారు.

"ఎవరికి?"

ఎడమ చెయ్యి ఎత్తి నన్ను చూపించారు.

నాకా! ఒంటికి, రెంటికి ఎత్తి దించినదాన్ని, ముద్దలు కలిపి పెట్టినదాన్ని, ఆసుపత్రి బల్లల మీద పడుకున్నదాన్ని, నాకు సిగ్గా? వంటింట్లోకి వచ్చి గిన్నెలన్నీ మళ్లీ తోమాను. తోమినవే తోమాను. అత్త తలుపు దగ్గర నిలబడి చూసి, "వాడన్నది తప్పేం కాదు" అని వెళ్లి పడుకున్నారు.

రాయాలి. ఇక్కడ కూడా రాయకపోతే ఇంకెక్కడ.

ఆయన గొంతంటే నాకు ఇష్టం. పెళ్లిచూపుల్లో మొహం సరిగ్గా చూడలేదు, గొంతు విని ఒప్పుకున్నాను. బజారుకి ఆ చివర నుంచి వినపడేది. బిందెని వేలితో మోగించి "ఇది మీ మనవరాలి పెళ్లికి గూడా పనికొస్తాదమ్మా" అంటే ముసలామెలు మారుమాట్లాడకుండా తీసుకునేవాళ్లు. ఆ మనిషి ఇప్పుడు నీళ్లకి తడుముకోవడం కేశవులన్న వింటే, పొద్దుగూకేలోపు బజారంతా అయ్యో అంటుంది. ఆ అయ్యో నేను భరించలేను. ఆయన కాదు, నేను. మొదట్లో ఆయన బయటికి రాననడం నిజమే. కేశవులన్నని చూస్తారా అని మాత్రం నేను ఒక్కసారీ అడగలేదు. అడిగితే ఊఁ అంటారని తెలుసు కాబట్టే అడగలేదు.

ప్లాస్టిక్ వద్దు, సిమెంటు వద్దు, రాయి వద్దు అని ఇన్ని రోజులు వెతికింది కుండీల కోసం కాదు. గోడ కోసం.

ఏప్రిల్ 16

ఈరేష్‌ని పిలిచి స్టాండ్లు మూడూ పక్క ప్రహరీ వైపు జరిపించాను. వాకిట్లో కూర్చుంటే ఇప్పుడు వీధి మొత్తం కనపడుతుంది. వీధికీ మొత్తం కనపడుతుంది. "మళ్లీ జరపమంటారా మేడం రేపు?" అన్నాడు. లేదన్నాను.

ఆయన దగ్గరికి వెళ్లి, "కేశవులన్నకి ఫోన్ చేయనా?" అని అడిగాను. నా వైపు చూడలేదు. తల నిలువుగా ఊపారు.

కేశవులన్న ఫోన్లో ముభావంగా ఉన్నాడు. "అంగట్లో పనుండాదమ్మా, సూస్తా" అన్నాడు.

ఏప్రిల్ 17

వచ్చాడు. ఈయన తెల్ల చొక్కా వేసుకుని ముందే కూర్చున్నారు. దారిన పోయేవాళ్లు చూశారు. ఇద్దరు ముగ్గురు ఆగి చూశారు. నాకు ఒళ్లంతా చీమలు పాకినట్టుంది, కానీ లోపలికి వెళ్లలేదు.

కేశవులన్న గేటు తీసుకుని వచ్చి, ఎదురుగా కుర్చీలో కూలబడ్డాడు. ఆయన కుడిచేతిని తీసుకుని తన తొడ మీద పెట్టుకున్నాడు. అంతలోనే కోపం గుర్తొచ్చినట్టుంది.

"ఏమప్పా వాసూ, ఎప్పుడొచ్చినా నిద్రంటాది చెల్లెలు. అంత నిద్రేందప్పా నీకు? నన్ను సూడబుద్ధి గాక మొగం చాటేస్తాండావేమో అనుకుంటి. ఇంగ ఈ గడప తొక్కగూడదని గూడా అనుకుంటి."

నేను టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో ఉన్నాను. ఆయన నన్ను చూపిస్తారనుకున్నాను. మొన్న ఎత్తిన చెయ్యే, ఎత్తితే చాలు, ఒక్క మాట కూడా అక్కర్లేదు. ఎత్తనీ అనే అనుకున్నాను.

ఎత్తలేదు. నోరు తెరిచారు. మెడ నరాలు తేలాయి. కేశవులన్న మాట అందించబోయి ఆగి, అలాగే కూర్చున్నాడు. వీధిలో ఎవరో బండి ఆపుకుని చూస్తున్నారు.

"నిద్ర..." అన్నారు. మళ్లీ ఊపిరి తీసుకున్నారు. "నిద్ర పోతాంటి. శానా... నిద్ర."

కేశవులన్న పెద్దగా నవ్వి, "ఇప్పుడన్నా లేసినావు గదప్పా" అని ఆయన భుజం చరిచాడు.

ఇన్ని నెలల తర్వాత స్నేహితుడితో ఆయన ఆడిన మొదటి మాట అది. అంత కష్టపడి తెచ్చుకున్న మాటని నా అబద్ధం నిలబెట్టడానికి వాడేశారు. టీ చల్లారిపోతాందమ్మా అని కేశవులన్న పిలిచేదాకా నేను గుమ్మంలోనే నిలబడి ఉన్నాను.